యూనిట్ – 11: సదస్సు అతిథులకు సామాజిక కార్యక్రమాలు, సందర్శన యాత్రలు – స్పెయిన్ చారిత్రక పట్టణాలు

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 సదస్సులు చారిత్రక పట్టణాలకు ఎందుకు వెళతాయి?
11.3 సామాజిక కార్యక్రమంలోని అంగాలు
11.4 సాలమాంకా: ఒక నమూనా కార్యక్రమం
11.5 స్థానిక వేళలు
11.6 సందర్శన స్థలాలు – మూడు రకాలు
11.7 ఖర్చు, భోజనం, నడక: ఎవరు మిగిలిపోతున్నారు?
11.8 పట్టణవాసులు
11.9 సారాంశం
11.10 కీలక పదాలు
11.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
11.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• సదస్సులో సామాజిక కార్యక్రమానికి ఉన్న ప్రయోజనాన్ని వివరించగలుగుతారు.
• సందర్శన స్థలాలను వాటి స్వభావాన్ని బట్టి వర్గీకరించగలుగుతారు.
• స్థానిక వేళలకు, అతిథుల అవసరాలకు తగినట్టు ఒక కార్యక్రమాన్ని రూపొందించగలుగుతారు.
• సదస్సు వల్ల పట్టణవాసులకు కలిగే లాభనష్టాలను చర్చించగలుగుతారు.

11.1 పరిచయం

కిందటి యూనిట్‌లో సదస్సు వేదిక ఎంపిక, వసతి ఏర్పాట్ల గురించి తెలుసుకొన్నారు. పత్రసమర్పణలు, చర్చలు ముగిసిన తరవాత ప్రతినిధులు ఏం చేస్తారు? ఎక్కడ భోంచేస్తారు? ఏం చూస్తారు? ఈ ప్రశ్నలకు సమాధానమే సామాజిక కార్యక్రమం.

దీన్ని చాలామంది వినోదంగా, అదనపు అలంకారంగా భావిస్తారు. నిజానికి ప్రతినిధులకు ఒకరితో ఒకరికి నిజమైన పరిచయం కలిగేది ఎక్కువగా ఇక్కడే. సభామందిరంలో ప్రశ్న అడగడానికి సంకోచించిన యువ పరిశోధకురాలు, సాయంత్రం నడకలో ఒక ప్రొఫెసర్ పక్కన నడుస్తూ అదే ప్రశ్న అడగవచ్చు. ఆ నడకకు ఆమె రాలేకపోతే ఆ అవకాశం పోయినట్టే. టికెట్ ధర ఎక్కువై రాలేకపోవచ్చు, మెట్లు ఎక్కలేక రాలేకపోవచ్చు, తినడానికి ఏమీ ఉండదని ఆగిపోవచ్చు. అందువల్ల సామాజిక కార్యక్రమాన్ని రూపొందించడమంటే సదస్సులో ఎవరికి చోటు ఉంటుందో నిర్ణయించడమే. ఈ యూనిట్‌లో ఈ విషయాన్ని స్పెయిన్‌లోని కొన్ని చారిత్రక పట్టణాల ఉదాహరణలతో పరిశీలిద్దాం.

11.2 సదస్సులు చారిత్రక పట్టణాలకు ఎందుకు వెళతాయి?

స్పెయిన్‌లో పాత నగర భాగాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పట్టణాలు చాలా ఉన్నాయి. ఆవిలా, సెగోవియా, సాంతియాగో దె కొంపొస్తేలా 1985లో, టొలెడో, కాసెరెస్ 1986లో, సాలమాంకా 1988లో, క్వెంకా 1996లో, ఊబెదా, బాయెసా 2003లో ఈ జాబితాలో చేరాయి. ఇటువంటి 15 నగరాలు కలిసి ఒక సంఘంగా ఏర్పడి తమ వారసత్వ పరిరక్షణకు, ప్రచారానికి ఉమ్మడిగా పనిచేస్తున్నాయి.

ఈ పట్టణాలు సదస్సులను కోరుకోవడానికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది, రాత్రి బస. మాడ్రిడ్ నుంచి టొలెడోకు హైస్పీడ్ రైలులో సుమారు అరగంట ప్రయాణం. అందువల్ల మామూలు పర్యాటకులలో చాలామంది ఉదయం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. వారు వీథులను నింపుతారు గాని పట్టణంలో చేసే ఖర్చు తక్కువ. సదస్సు అతిథి మూడు నాలుగు రాత్రులు ఉంటాడు, రెండు పూటలా అక్కడే భోంచేస్తాడు.

రెండవది, రుతువు. సదస్సులు ఎక్కువగా వసంతంలోను, శరదృతువులోను జరుగుతాయి. వేసవి సెలవుల రద్దీ లేని రోజుల్లో హోటళ్లకు, భోజనశాలలకు పని దొరుకుతుంది.

మూడవది, వేదిక. ఈ పట్టణాల్లో పాత భవనాలతోపాటు కొత్త సమావేశ మందిరాలు కూడా ఉన్నాయి. సాలమాంకాలో వాస్తుశిల్పి హువాన్ నవారో బాల్దెవెగ్ రూపొందించిన సమావేశ భవనం 1992లో ప్రారంభమైంది. టొలెడోలో రఫాయెల్ మోనేయో రూపొందించిన సమావేశ భవనం పాత నగరం అంచున కొండవాలులో ఇమిడి ఉంటుంది. సభ ముగిసిన పది నిమిషాల్లో అతిథులు కాలినడకన పాత వీథుల్లోకి చేరుకోగలరు. పెద్ద నగరాల సమావేశ కేంద్రాలకు ఈ సౌకర్యం అరుదు.

11.3 సామాజిక కార్యక్రమంలోని అంగాలు

సాధారణంగా ఒక అంతర్జాతీయ సదస్సు సామాజిక కార్యక్రమంలో ఈ కింది అంగాలు ఉంటాయి.

1. స్వాగత సమావేశం: మొదటి రోజు సాయంత్రం జరుగుతుంది. నిలబడి మాట్లాడుకొంటూ చిరుతిండ్లు తినే పద్ధతి దీనికి తగినది. కూర్చొనే ఏర్పాటు చేస్తే పరిచయస్తులు ఒకే బల్ల దగ్గర చేరిపోతారు. నిలబడి ఉంటే కొత్తవారితో కలవడం తేలిక. అయితే నిలబడలేని వారికోసం కొన్ని కుర్చీలు తప్పక వేయించాలి.

2. గైడ్‌తో నడక: ఒకటిన్నర గంటకు మించకూడదు. స్పెయిన్‌లో పర్యాటక రంగం స్వయంప్రతిపత్తి గల ప్రాంతాల పరిధిలోని అంశం. అధికారిక గైడ్‌లకు గుర్తింపు ఇచ్చేది ఆ ప్రాంతీయ ప్రభుత్వాలే. నిర్వాహకులు గుర్తింపు పొందిన గైడ్‌లనే నియమించుకోవాలి.

3. ప్రధాన విందు: సాధారణంగా చివరి రోజుకు ముందు రాత్రి. చారిత్రక భవనంలో ఏర్పాటు చేయడం ఆనవాయితీ. పాత కోటలు, మఠాలు, భవనాలను హోటళ్లుగా మార్చి నడిపే పరడోర్ అనే ప్రభుత్వ సంస్థ స్పెయిన్‌లో ఉంది. దాని మొదటి హోటల్ 1928లో గ్రేదోస్ కొండల్లో ప్రారంభమైంది. సాంతియాగోలో యాత్రికుల కోసం రాజదంపతులు కట్టించిన పాత వైద్యశాల నేడు ఈ సంస్థ హోటలే.

4. సందర్శన యాత్ర: సగం రోజు లేదా పూర్తి రోజు, దగ్గరలోని మరో పట్టణానికి.

5. తోడు వచ్చినవారి కార్యక్రమం: ప్రతినిధుల వెంట వచ్చిన కుటుంబసభ్యుల కోసం సభల వేళల్లో జరిగే కార్యక్రమం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) పగటి పర్యాటకునికీ సదస్సు అతిథికీ పట్టణం దృష్టిలో ఉన్న ముఖ్య భేదం ఏమిటి?
(ఆ) స్వాగత సమావేశానికి నిలబడి తినే పద్ధతి ఎందుకు అనుకూలం?

11.4 సాలమాంకా: ఒక నమూనా కార్యక్రమం

సాలమాంకా మాడ్రిడ్‌కు వాయవ్య దిశలో సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి విశ్వవిద్యాలయం 1218లో స్థాపితమైంది. అది 2018లో ఎనిమిది వందల ఏళ్లు పూర్తి చేసుకొంది. పాత భవనాలకు వాడిన దగ్గరి విల్యమయోర్ గ్రామపు రాయి సాయంకాలపు ఎండలో బంగారు రంగులో మెరుస్తుంది. అందువల్ల నడకకు సాయంకాలమే తగిన సమయం.

జూన్ నెలలో 120 మంది ప్రతినిధులతో ఇక్కడ ఒక సదస్సు జరుగుతున్నదని ఊహించండి. కార్యక్రమం ఈ విధంగా ఉండవచ్చు.

బుధవారం, సాయంత్రం 7.30: విశ్వవిద్యాలయానికి చెందిన 16వ శతాబ్దపు ఫోన్సెకా కళాశాల లోపలి ముంగిట స్వాగత సమావేశం. మన మండువా ఇళ్లలో మాదిరిగానే ఇటువంటి భవనాల్లో మధ్య ఆకాశం కనిపించే ముంగిలి, దాని చుట్టూ స్తంభాల వసారా ఉంటాయి. వాన వస్తే అందరూ వసారాలోకి జరగవచ్చు. చివర తూనా పాటలు. తూనా అంటే నల్లని దుస్తులు, భుజాల మీద పొడవాటి వస్త్రం ధరించి గిటారు, కంజిర వంటి వాద్యాలతో పాడే విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందం.

గురువారం, సాయంత్రం 7.00: గైడ్‌తో నడక. విశ్వవిద్యాలయ ముఖద్వారం, పాత, కొత్త కెథడ్రళ్లు, 18వ శతాబ్దంలో నిర్మించిన ప్లాసా మయోర్ చౌకు.

శుక్రవారం, రాత్రి 9.00: ప్రధాన విందు.

శనివారం, ఉదయం 9.00 నుంచి సాయంత్రం 5.00 వరకు: ఆవిలా యాత్ర.

ఇందులో గురువారం నడకను కొంత వివరంగా చూద్దాం. విశ్వవిద్యాలయ ముఖద్వారం మీది రాతి చెక్కడంలో ఒక పుర్రె మీద కూర్చున్న చిన్న కప్ప ఉంది. ఎవరి సహాయం లేకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్షలో ఉత్తీర్ణుడవుతాడని అక్కడి వారి నమ్మకం. కొత్త కెథడ్రల్ ద్వారం ఒకదాని మీద వ్యోమగామి బొమ్మ కనిపిస్తుంది. అది పాత శిల్పం కాదు. 1992 మరమ్మత్తుల సమయంలో చెక్కినది. ఇటువంటి వస్తువులు అపరిచితుల మధ్య మాటలు కలుపుతాయి. కప్పను వెతికే నలుగురు తమకు తెలియకుండానే పరిచయస్తులవుతారు. గైడ్ తేదీలన్నీ ఏకరువు పెట్టి, కప్పను తానే వేలితో చూపిస్తే ఈ ప్రయోజనం నెరవేరదు. కాబట్టి గైడ్‌కు ముందుగానే ఈ విషయం చెప్పి ఉంచాలి.

120 మంది ఒకేసారి నడిస్తే వెనకవారికి గైడ్ మాట వినబడదు, వీథి మూసుకుపోతుంది. 24 మంది చొప్పున ఐదు బృందాలుగా విభజించి, పది నిమిషాలకొక బృందాన్ని పంపాలి. అప్పుడు మొదటి బృందానికీ చివరి బృందానికీ మధ్య 40 నిమిషాల తేడా వస్తుంది. చివరి బృందం వేచి ఉండే చోట కూర్చొనే వీలు, మంచినీరు ఉండాలి. బృందాలను దేశాల వారీగా గాక కలగలిపి ఏర్పరచాలి.

11.5 స్థానిక వేళలు

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం సుమారు 2 గంటలకు మొదలవుతుంది. రాత్రి భోజనం 9 గంటలకు లేదా ఇంకా ఆలస్యంగా ఉంటుంది. చిన్న పట్టణాల్లో చాలా దుకాణాలు మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల వరకు మూసి ఉంటాయి. జూన్‌లో సాలమాంకాలో రాత్రి దాదాపు 10 గంటలకు సూర్యుడు అస్తమిస్తాడు. స్పెయిన్ భౌగోళికంగా పశ్చిమాన ఉన్నా మధ్య యూరప్ సమయాన్ని పాటించడం దీనికి ఒక కారణం.

ఈ వేళల వల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. రాత్రి 7 గంటలకే విందు పెట్టమని భోజనశాలను ఒత్తిడి చేయడం ఒకటి. వంటవారు సిద్ధంగా ఉండరు. ఎండ నేరుగా కళ్లలో పడుతుంటుంది. స్థానిక వేళ ప్రకారం 9.30కు విందు పెట్టి, మధ్యలో ఏమీ ఇవ్వకపోవడం రెండవది. ఉత్తర యూరప్ నుంచి వచ్చినవారు సాయంత్రం 6 గంటలకే భోజనానికి అలవాటు పడినవారు. మన దేశం నుంచి వెళ్లినవారికి ప్రయాణపు అలసట, సమయ వ్యత్యాసం తోడవుతాయి. స్థానిక వేళను గౌరవిస్తూనే సాయంత్రం 6.30 ప్రాంతంలో తేలికపాటి ఫలహారం ఏర్పాటు చేస్తే ఇబ్బంది తీరుతుంది.

భోజనం ముగిసిన తరవాత బల్ల దగ్గరే కూర్చొని చాలాసేపు మాట్లాడుకోవడం స్పెయిన్‌లో ఒక అలవాటు. దాన్ని సోబ్రెమేసా అంటారు. సదస్సు ఉద్దేశం పరిచయాలు పెంచడమే కాబట్టి విందు తరవాత బస్సులు వెంటనే బయలుదేరేలా గాక, రెండు వేర్వేరు సమయాల్లో బయలుదేరేలా ఏర్పాటు చేయాలి. అలసినవారు ముందు వెళతారు, మిగిలినవారు కబుర్లలో ఉండిపోతారు.

వేళలతోపాటు వాతావరణాన్ని, సెలవులను కూడా చూసుకోవాలి. చాలా మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయి. కొర్దొబాలో నడివేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మధ్యాహ్నపు నడక ప్రమాదకరం. సాలమాంకా సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల జూన్‌లో కూడా రాత్రిళ్లు చల్లగా ఉండవచ్చు. ఆరుబయట విందు ఉంటే పలుచని ఉన్ని దుస్తులు తెచ్చుకోమని ముందుగానే తెలియజేయాలి.

11.6 సందర్శన స్థలాలు – మూడు రకాలు

నిర్వాహకుని దృష్టితో చూస్తే సందర్శన స్థలాలను మూడు రకాలుగా విభజించవచ్చు.

(i) తెరచి ఉన్న స్థలాలు: వీటికి టికెట్ గాని, సమయ నియమం గాని ఉండదు. సెగోవియాలోని రోమన్ కాలపు జలవాహిక ఇందుకు మంచి ఉదాహరణ. సున్నం లేకుండా రాళ్లను పేర్చి కట్టిన ఈ కట్టడం ఎత్తైన చోట సుమారు 28 మీటర్లు ఉంటుంది. ఊరి నడిబొడ్డున చౌకులో నిలబడి ఎంతమందైనా చూడవచ్చు. పెద్ద బృందాలకు, ఆలస్యంగా వచ్చే బస్సులకు ఇటువంటి స్థలాలు అనుకూలం.

(ii) సమయం నిర్ణయించిన స్థలాలు: గ్రనాడాలోని అల్‌హంబ్రా కోట ఈ రకానికి చెందుతుంది. దానిలోని నస్రిద్ రాజప్రాసాదాలకు టికెట్ మీద ముద్రించిన సమయానికే వెళ్లాలి. టికెట్లు సందర్శకుల పేర్ల మీద ఇస్తారు; గుర్తింపు పత్రం చూపవలసి ఉంటుంది. రోజుకు అనుమతించే సందర్శకుల సంఖ్యకూ పరిమితి ఉంది. సదస్సులో ఉదయపు సభ ఆలస్యమైతే ఈ యాత్ర మొత్తం దెబ్బతింటుంది. కాబట్టి సభలు లేని రోజునే దీన్ని పెట్టాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్న విధంగానే పేర్లను నమోదు సమయంలో సేకరించాలి. ఇంటిపేరు ముందు వచ్చే మన తెలుగువారి పేర్ల విషయంలో తారుమారు జరిగే అవకాశం ఎక్కువ. అందువల్ల నమోదు పత్రంలో ఇంటిపేరుకు, వ్యక్తి పేరుకు వేర్వేరు గడులు ఉంచాలి.

(iii) ఇరుకైన స్థలాలు: టొలెడోలోని సాంతో తోమే చర్చిలో ఎల్ గ్రెకో చిత్రించిన ‘ఒర్గాస్ ప్రభువు ఖననం’ అనే పెద్ద చిత్రం ఉంది. చిత్రకారుడు 1577 నుంచి 1614లో మరణించేవరకు ఆ ఊళ్లోనే ఉన్నాడు. చిత్రం ప్రసిద్ధమైనది, దాని ముందు నిలబడే చోటు చిన్నది. వంద మందిని ఒకేసారి తీసుకెళితే ఎవరూ చిత్రాన్ని సరిగా చూడలేరు. ఇటువంటి చోటికి చిన్న బృందాలను వేర్వేరు వేళల్లో పంపాలి. లేదా దాన్ని అందరి కార్యక్రమం నుంచి తొలగించి, ఆసక్తి ఉన్నవారు స్వయంగా వెళ్లేందుకు ఖాళీ సమయం ఇవ్వాలి.

ఒకే యాత్రలో రెండవ, మూడవ రకాల స్థలాలు ఒకటి కంటే ఎక్కువ ఉండకుండా చూడటం మంచిది. మిగిలినవి మొదటి రకానివైతే ఆలస్యమైనా సర్దుకోవచ్చు.

మన నమూనాలోని ఆవిలా యాత్రను చూడండి. సాలమాంకా నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పట్టణం చుట్టూ సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవున మధ్యయుగపు కోటగోడ ఉంది. సాలమాంకా వైపు రోడ్డు మీదే, ఊరి బయట, క్వాత్రో పోస్తెస్ అనే చోటు నుంచి గోడ మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. బస్సును ముందుగా అక్కడ ఆపితే గోడ ఎక్కలేనివారికి కూడా ఆవిలా దర్శనం పూర్తవుతుంది. ఆ తరవాత ఎక్కగలిగినవారు గోడ మీద నడవవచ్చు. మిగిలినవారు లోపలి చౌకులో కూర్చోవచ్చు. పెద్ద బస్సులు పాత వీథుల్లోకి వెళ్లలేవు కాబట్టి దిగే చోటు, తిరిగి ఎక్కే చోటు, బయలుదేరే సమయం రాసిన కాగితం ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) సమయం నిర్ణయించిన స్థలానికి యాత్రను సభలు లేని రోజున ఎందుకు పెట్టాలి?
(ఆ) సెగోవియా జలవాహిక ఏ రకం స్థలం?

11.7 ఖర్చు, భోజనం, నడక: ఎవరు మిగిలిపోతున్నారు?

ఖర్చు: బస్సు అద్దె ప్రయాణికుల సంఖ్యను బట్టి మారదు. ఒక ఊహా లెక్క చూడండి. 50 సీట్ల బస్సుకు అద్దె 600 యూరోలు అనుకొందాం. 100 మంది వస్తే రెండు బస్సులు చాలు. తలకు 12 యూరోలు. 104 మంది వస్తే మూడవ బస్సు కావాలి. అప్పుడు 1,800 యూరోలను 104తో భాగించగా తలకు 17 యూరోలు దాటుతుంది. నలుగురు పెరిగినందుకు అందరి ఖర్చు పెరిగింది. అందువల్ల నమోదుకు గడువు, గరిష్ఠ సంఖ్య ముందే ప్రకటించాలి. లేదా అదనపు నలుగురికి చిన్న వాహనం చూడాలి.

ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఏ అంగాన్ని నమోదు రుసుములో చేర్చాలి అన్నది. స్వాగత సమావేశం, నడక ఖర్చు తక్కువైనవి. ఇవి రుసుములోనే ఉండాలి. ప్రధాన విందుకు విడిగా టికెట్ పెడితే పరిశోధక విద్యార్థులే ఎక్కువగా మానుకొంటారు. వారికి తగ్గింపు ధర ఇవ్వాలి. లేదా విందును సాదాగా చేసి అందరినీ పిలవాలి. ఖరీదైన భవనంలో సగంమందితో జరిగే విందు కంటే, సాదా చోట అందరూ కలిసి తినే భోజనం సదస్సు ఉద్దేశాన్ని బాగా నెరవేరుస్తుంది.

భోజనం: సెగోవియా పాలపంది రోస్టుకు ప్రసిద్ధి. మాంసం ఎంత మెత్తగా ఉందో చూపడానికి దాన్ని కత్తితో గాక పళ్లెం అంచుతో కోయడం అక్కడి వేడుక. ఈ వేడుకను చూసి ఆనందించేవారు ఉంటారు, పంది మాంసం ముట్టనివారూ ఉంటారు. స్పెయిన్‌లో కూరగాయల వంటకంలో కూడా హామ్ ముక్కలు, సలాడ్‌లో టూనా చేప ఉండవచ్చు. కాబట్టి ‘శాకాహారం’ అని ఒక్క మాట రాస్తే చాలదు. మాంసం, చేప, గుడ్డు, పాలు – ఏది తింటారో, ఏది తినరో విడివిడిగా అడగాలి. ఆవిలాలో ప్రసిద్ధమైన యేమాస్ మిఠాయి గుడ్డు పచ్చసొనతో చేస్తారు. ఈ విషయం మన శాకాహారులకు ముందే చెప్పాలి. మద్యం తాగనివారికి అదే బల్ల మీద అంతే మర్యాదగా ఇతర పానీయాలు ఉండాలి.

నడక: పాత పట్టణాల వీథులు గులకరాళ్లు పరచినవి, ఎత్తుపల్లాలతో కూడినవి. టొలెడో మూడు వైపులా తాహో నది చుట్టిన కొండ మీద ఉంది. కొండ పాదం నుంచి పైకి ఎస్కలేటర్లు ఉన్నా, పైన వీథులు ఎగుడుదిగుడే. ప్రతి నడకకు దూరం, మెట్లు, కూర్చొనే చోట్లు ముందే తెలియజేయాలి. నడవలేనివారికి వేరే దారి చూపాలి. దీనికోసం నిర్వాహకుడు ఆ దారిలో స్వయంగా ఒకసారి నడిచి చూడాలి. పటం చూసి నిర్ణయించడం సరిపోదు.

11.8 పట్టణవాసులు

చారిత్రక పట్టణం ప్రదర్శనశాల కాదు. అక్కడ మనుషులు నివసిస్తారు. 2024లో బార్సెలోనా, మల్యోర్కా, కానరీ దీవుల్లో మితిమీరిన పర్యాటకానికి వ్యతిరేకంగా వేలాదిమంది ప్రదర్శనలు జరిపారు. ఇళ్ల అద్దెలు పెరగడం, ఇళ్లు పర్యాటకుల బసలుగా మారిపోవడం వారి ముఖ్యమైన ఫిర్యాదులు. కొన్ని స్పానిష్ నగరాలు పాత వీథుల్లో బృందాల పరిమాణాన్ని పరిమితం చేసి, లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి.

సదస్సు నిర్వాహకుడు ఒక్కడే ఈ సమస్యను పరిష్కరించలేడు. అయితే దాన్ని పెంచకుండా ఉండగలడు. బృందాలను చిన్నవిగా ఉంచడం, గైడ్ మాటను చెవి పరికరాల ద్వారా వినిపించడం, రాత్రి 11 తరవాత ఇళ్ల మధ్య సంగీతం పెట్టకపోవడం, భోజనాలను ఒకే పెద్ద హోటల్‌కు గాక ఊళ్లోని పలు భోజనశాలలకు పంచడం అతని చేతిలో ఉన్న పనులు. స్థానికులను కార్యక్రమంలో భాగస్వాములను చేయడం మరొకటి. సాలమాంకాలో విశ్వవిద్యాలయ విద్యార్థులే నడకకు తోడుగా వస్తే, అతిథులు కట్టడాలనే గాక ఆ ఊళ్లో నేడు బతుకుతున్నవారిని కూడా కలుసుకొంటారు.

11.9 సారాంశం

సామాజిక కార్యక్రమం సదస్సుకు అలంకారం కాదు. ప్రతినిధుల మధ్య పరిచయాలు కలిగించే ముఖ్యమైన అంగం. స్పెయిన్ చారిత్రక పట్టణాలు సదస్సులను కోరుకోవడానికి రాత్రి బస, రుతువు, వేదిక కారణాలు. కార్యక్రమం స్థానిక వేళలకు అనుగుణంగా ఉండాలి. సందర్శన స్థలాలు తెరచి ఉన్నవి, సమయం నిర్ణయించినవి, ఇరుకైనవి అని మూడు రకాలు. ఖర్చు, భోజనం, నడక విషయాల్లో తీసుకొనే ప్రతి నిర్ణయం ఎవరు పాల్గొంటారో, ఎవరు మిగిలిపోతారో నిర్ణయిస్తుంది. పట్టణవాసుల సౌకర్యాన్ని కూడా లెక్కలోకి తీసుకొన్నప్పుడే కార్యక్రమం సఫలమైనట్టు.

11.10 కీలక పదాలు

సామాజిక కార్యక్రమం: సభల వెలుపల ప్రతినిధులు కలుసుకొనేందుకు చేసే ఏర్పాట్లు.
పరడోర్: చారిత్రక భవనాల్లో అనేక హోటళ్లు నడిపే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ, ఆ హోటల్‌కు కూడా ఇదే పేరు.
తూనా: విశ్వవిద్యాలయ విద్యార్థుల సంప్రదాయ గాయక బృందం.
సోబ్రెమేసా: భోజనానంతరం బల్ల దగ్గర సాగే సంభాషణ.

11.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. (అ) పగటి పర్యాటకుడు సాయంత్రానికి వెళ్లిపోతాడు. సదస్సు అతిథి కొన్ని రాత్రులు ఉండి పట్టణంలో ఎక్కువ ఖర్చు చేస్తాడు. (ఆ) కొత్తవారితో తేలికగా కలవవచ్చు.
2. (అ) సభ ఆలస్యమైతే టికెట్ సమయం దాటిపోతుంది. (ఆ) తెరచి ఉన్న స్థలం.

11.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సదస్సులో సామాజిక కార్యక్రమం ప్రాధాన్యాన్ని, దాని అంగాలను వివరించండి.
2. సందర్శన స్థలాల రకాలను స్పెయిన్ ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్థానిక భోజన వేళల వల్ల నిర్వాహకునికి ఎదురయ్యే ఇబ్బందులు ఏవి? వాటిని ఎలా తొలగించవచ్చు?
2. 80 మంది ప్రతినిధులతో టొలెడోకు ఒక రోజు యాత్రను రూపొందించండి. వారిలో నలుగురు మెట్లు ఎక్కలేరు, పదిమంది శాకాహారులు.
3. సదస్సు నిర్వాహకుడు పట్టణవాసుల పట్ల తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.